చతుచక్ సంతకు పొద్దున వెళ్లాలా, మధ్యాహ్నం దాటాకా?

బ్యాంకాక్‌లోని చతుచక్ సంత శని, ఆదివారాల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా నిండుగా నడుస్తుంది. 27 సెక్షన్లు, వేల దుకాణాలు. ఎలాగూ ఒక్కరోజులో అంతా చూడలేం కాబట్టి ఏ పూట వెళ్తామన్నదే అసలు ప్రశ్న.

నా ఓటు పొద్దుటికే. లోపలి సందులు చాలా ఇరుకు. ఎదురుగా ఒకరొస్తే పక్కకు ఒత్తిగిలాల్సిందే. మధ్యాహ్నానికి పైకప్పు వేడెక్కి గాలాడదు. తొమ్మిదింటికల్లా వెళ్తే కొన్ని షట్టర్లు ఇంకా మూసే ఉంటాయి, నిజమే. కానీ చొక్కా గుడ్డను వేళ్ల మధ్య నలిపి, కుట్టు తిరగేసి చూసి నింపాదిగా బేరమాడొచ్చు. రెండుమూడు తీసుకుంటే కలిపి ధర అడగండి, చాలామంది తగ్గిస్తారు. నచ్చిన షాపు సెక్షన్, సందు నంబర్లు ఫొటో తీసుకోండి. "తర్వాత వద్దాంలే" అనుకుంటే మళ్లీ ఆ షాపు దొరకడం కష్టం.

మూడు దాటాక ఎండ తగ్గుముఖం పడుతుంది, తిండి బళ్ల దగ్గర సందడి ఉంటుంది. కొబ్బరి చిప్పలో పెట్టిచ్చే కొబ్బరి ఐస్‌క్రీమ్ ఆ వేళ తింటే ప్రాణం లేచొస్తుంది. కొనే పని లేకుండా ఊరికే తిరగాలనుకునేవాళ్లకు ఇదే మేలు. కాకపోతే జనం ఎక్కువ, జేబులు జాగ్రత్త.

ఏ పూటైనా మెట్రోనే నయం. కాంఫెంగ్ ఫెట్ స్టేషన్ మెట్లెక్కితే సంత పక్కనే తేలతారు. పిల్లలో, పెద్దవాళ్లో వెంట ఉంటే మాత్రం పొద్దున్నే వెళ్లండి. విడిపోతే సంత మధ్యలోని గడియార స్తంభం దగ్గర కలుద్దామని ముందే చెప్పుకోండి.