పులుపు పేరు చెప్పి పాడైన లాంబిక్ అంటగట్టారు: బ్రస్సెల్స్‌లో సీసాలు కొనేముందు ఇది చదవండి

బ్రస్సెల్స్ చూడటానికి వచ్చేవాళ్లూ, ఇక్కడే ఉంటూ చుట్టాలకి రుచి చూపిద్దామని లాంబిక్ (ఇక్కడి పుల్లటి బీరు) కొనేవాళ్లూ ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. పోయిన నెల గ్రాండ్ ప్లాస్ పక్క సందుల్లో ఒక షాపులో ఆరు సీసాలకి 228 యూరోలు పోసి వచ్చాను. షాపు పేరు రాయను. ఆ సందుల్లో అదే సరుకు అదే పద్ధతిలో పెట్టినవి ఇంకో రెండు కనిపించాయి కాబట్టి, పేరు కంటే పద్ధతి తెలియడమే మీకు పనికొస్తుంది.

మా అక్కా బావా విజయవాడ నుంచి వచ్చారు. నేను లూవెన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా బావకి లాంబిక్ గురించి ఊదరగొడుతుంటాను. వీళ్లు ఈస్ట్ కలపరు బావా, గాలిలో ఉన్నదే వచ్చి పడుతుంది, మన కల్లు కుండలో పడ్డట్టే అని. "వచ్చినప్పుడు ఆ గాలి బీరేదో పట్టించు బామ్మర్దీ" అని ఆయన రెండేళ్లుగా అంటున్నాడు. అందుకని మామూలుది కాకుండా ఏదైనా పాతది కొనాలని నాకు పిచ్చి పట్టింది.

షాపు అద్దం వెనక 75 సెంటీలీటర్ల సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండ వాటి మీద సూటిగా పడుతోంది. ఒక్కో సీసా మెడకి జనపనార దారంతో చిన్న చీటీ, దాని మీద చేతిరాతతో '2012 వింటేజ్'. ధర 38 యూరోలు. కొత్త సీసా అందులో సగానికంటే తక్కువకే వస్తుందని నాకు తెలుసు. అయినా పాతది కదా అనుకున్నాను. ఆకుపచ్చ గాజు ఎండకి భలే మెరుస్తోందని ఫొటో కూడా తీశాను. ఆ ఫొటోయే తర్వాత సాక్ష్యంగా పనికొచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ రాత్రి భోజనాలకి ముందు మొదటి సీసా తీశాను. మంచి గ్యూజ్ (రకరకాల వయసుల లాంబిక్‌లు కలిపి సీసాలో పోసినది) తెరిస్తే షాంపేన్‌లాగా టప్పున వస్తుంది. ఇది ఏ చప్పుడూ లేకుండా వచ్చింది. వచ్చింది కూడా సగమే. మిగతా సగం బిరడా పొడిపొడిగా రాలి లోపల తేలింది. గ్లాసులో పోస్తే నురగ లేదు, బుడగ లేదు, రంగు టీ డికాషన్‌లా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన, దాని వెనక వానకి నానిన అట్టపెట్టె వాసన.

బావ ఒక గుక్క తాగి నా మొహం చూశాడు. "ఇదేంట్రా, తరవాణి కుండ అడుగు కడిగి పోసినట్టుంది?"

నేను వెంటనే పాఠం మొదలెట్టాను. "అలా కాదు బావా, దీని పులుపు అలాగే ఉంటుంది, అలవాటు కావాలి" అని. పైగా నేనే ఒక గ్లాసు మొత్తం తాగాను. అక్క మాత్రం వాసన చూసి, "వెనిగర్ కావాలంటే సూపర్ మార్కెట్‌లో యూరోకి దొరుకుతుంది కదరా" అంది. ముగ్గురిలో గుక్క కూడా తాగని మనిషే సరిగ్గా చెప్పింది.

నేనెందుకు బోల్తా పడ్డానో చెబితేగాని ఈ మోసం నడిచే తీరు అర్థం కాదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరో మంచి గ్యూజ్ బహుమతిగా ఇస్తే, పులిసిపోయింది అనుకుని సింకులో పోశాను. అది తెలిసి ఆఫీసులో ఇక్కడివాళ్లు నెల రోజులు నవ్వారు. అప్పటినుంచి లాంబిక్ ఎంత విచిత్రంగా ఉన్నా 'తప్పు నాదే, నాలుకకి తెలియడం లేదు' అనుకోవడం అలవాటైంది. ఇలాంటి షాపులవాళ్లకి కావలసింది సరిగ్గా ఈ భయమే. పులుపు ఈ బీరు గుణమే కాబట్టి, పాడైనదాన్ని కూడా 'లాంబిక్ అంటే ఇంతే' అని అమ్మెయ్యొచ్చు.

కానీ పులుపులన్నీ ఒకటి కావు. ఉసిరికాయ పులుపు వేరు, చెడిపోయిన పప్పు పులుపు వేరు. మనకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు, నాలుక మీదే ఉంది.

లాంబిక్ తయారయ్యేది బ్రస్సెల్స్‌లోనూ, దానికి నైరుతిన పాయొట్టెన్‌లాండ్ అనే పల్లెసీమలోనూ, సెన్ నది లోయలో. సుమారు మూడోవంతు మొలకెత్తించని గోధుమ, మిగతాది బార్లీ మాల్ట్. హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) కూడా కొత్తవి వాడరు. ఏళ్ల తరబడి నిలవుంచి చేదు తగ్గినవి వేస్తారు, అవి బీరు చెడగొట్టే బ్యాక్టీరియాని అదుపులో పెట్టడానికి. కాచిన రసాన్ని అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఉండే చల్లటి రాత్రుల్లో, వెడల్పాటి లోతులేని తొట్టెలో తెల్లారేవరకూ మూత లేకుండా ఆరబెడతారు. గాలిలోంచీ ఆ పాత కట్టడంలోంచీ సూక్ష్మజీవులు పడతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్లకేళ్లు. ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోస్తే గ్యూజ్ అవుతుంది. లేతదానిలో మిగిలిన చక్కెర సీసాలో మళ్లీ పులిసి బుడగలనిస్తుంది. మన కల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులుస్తుందే, అదే పని వీళ్లు మూడేళ్లు నిదానంగా చేయిస్తారు.

అందుకే మంచిదాని పులుపు పెరుగు పులుపులాగా, నిమ్మ, పచ్చి ఆపిల్ పులుపులాగా శుభ్రంగా ఉంటుంది. దవడల పక్కన నీళ్లూరతాయి. గొంతు మండదు. వాసన మాత్రం, నిజమే, కొత్తవాళ్లని భయపెడుతుంది: ఎండుగడ్డి, తోలు, పశువుల కొట్టం. దానికి కారణం బ్రెట్టనోమైసిస్ (పొట్టిగా బ్రెట్) అనే అడవి ఈస్ట్. అందులో ఒక జాతికి బ్రస్సెల్స్ పేరు మీదే బ్రుక్సెలెన్సిస్ అని పేరు పెట్టారు. కొట్టం వాసన వస్తే కంగారు పడొద్దు, ఆ బీరు కోసం డబ్బులిచ్చేదే దానికి. పొద్దున్నే ఊడ్చి గడ్డి వేసిన కొట్టం అనుకోండి.

నెయిల్ పాలిష్ వాసన, ముక్కుపుటాలు మండించే వెనిగర్ ఘాటు, తడి అట్ట వాసన వస్తే మాత్రం అది పాడైనదే. సీసా ఏళ్లతరబడి నిలువుగా ఉంటే బిరడా ఎండి కుదించుకుపోతుంది, గ్యాస్ బయటికి, గాలి లోపలికి. కొద్దిపాటి గాలినైతే బ్రెట్ తినేసి బీరుని కాపాడుతుంది. ఎక్కువైతే దానివల్ల కాదు. అందుకే నేలమాళిగల్లో సీసాలు పడుకోబెట్టి ఉంచుతారు. ఆకుపచ్చ గాజు వెలుతురుని పెద్దగా ఆపదు. ఇక వేడి సంగతి. 2009లో బేర్సెల్‌లోని డ్రీ ఫాంటైనెన్ అనే లాంబిక్ బ్రూవరీ వాళ్ల గోడౌన్‌లో థర్మోస్టాట్ చెడిపోయి వేడెక్కిపోతే వేలకొద్దీ సీసాలు నాశనమయ్యాయి, కొన్ని పేలిపోయాయి కూడా. దాని యజమాని ఆర్మాండ్ డెబెల్డర్ ఆ బీరుని లాంబిక్ అని అమ్మలేదు, బట్టీలో కాచి స్పిరిట్ చేశాడు. నేను కొన్న సీసాలు ఎండలో ఎన్ని వేసవులు చూశాయో దేవుడికే తెలుసు.

ఒక్క మినహాయింపు. కొన్నిసార్లు లేత సీసాలో బీరు నూనెలా చిక్కగా, తీగలా సాగుతుంది. చూడటానికి రోతగా ఉన్నా అది పెడియోకోకస్ బ్యాక్టీరియా పని, కొన్ని నెలలు ఓపిక పడితే బ్రెట్ దాన్ని సర్దేస్తుంది. అలాంటిది ఒకటి తెరిస్తే మిగతావి పారబొయ్యకండి, మూల పెట్టి మర్చిపోండి.

మర్నాడు రెండో సీసా తీశాం, అదీ అంతే. అప్పుడు అనుమానం వచ్చి లేబుల్ చూశాను. ధర స్టిక్కర్ కింద ఏదో అంకె అంచు కనిపిస్తోంది. గోరుతో గీకి లేపితే, సీసాలో నింపిన తేదీ: 2019. మిగతా నాలుగింటికీ అంతే. ఆరు స్టిక్కర్లూ కొలిచినట్టు తేదీ మీదే అంటించారు. అంటే వింటేజ్ కూడా అబద్ధమే. పాడైపోయింది ఒక దెబ్బ, పాతదని రెట్టింపు ధర గుంజింది ఇంకో దెబ్బ.

సీసాలు, ఫొటో, బిల్లు పట్టుకుని బావని వెంటేసుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన వాసన కూడా చూడలేదు. "లాంబిక్ పుల్లగానే ఉంటుంది సార్, మీ దేశంవాళ్లకి అలవాటుండదు" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. తేదీ చూపిస్తే, చీటీ మీద ఉన్నది తయారీ సంవత్సరం కాదు, అది 'వరస పేరు' అన్నాడు. షాపులో నేరుగా కొన్నదానికి 14 రోజుల్లో ఊరికే వాపసిచ్చే హక్కు లేదని కూడా వినిపించాడు. అది నిజమే, ఆ హక్కు ఆన్‌లైన్ కొనుగోళ్లకి. కానీ చెప్పినట్టు లేని సరుకు విషయం వేరు, దానికి యూరప్ మొత్తంలో చట్టప్రకారం గ్యారంటీ ఉంది. ఆ మాట అనగానే ఆయనకి వేరే కస్టమర్లు గుర్తొచ్చారు. నేను కార్డు మీద కట్టాను కాబట్టి బ్యాంకులో ఫిర్యాదు వేశాను, ఇంకా నడుస్తోంది. నగదు ఇచ్చి ఉంటే అంతే సంగతులు. కొంటే కార్డు మీదే కొనండి, బిల్లులో సీసా పేరు వివరంగా రాయించుకోండి. నా బిల్లులో 'బీరు ×6' అని మాత్రమే ఉంది.

లేబుల్ మీద 'ఔడ గ్యూజ్' లేదా ఫ్రెంచ్‌లో 'వియేయ్ గ్యూజ్' అనే మాట ఉందో లేదో కూడా చూడండి. 1997 నుంచి ఆ మాటకి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది, సాంప్రదాయ పద్ధతిలో చేసినవాళ్లే వాడాలి. చెర్రీలతో చేసేది 'ఔడ క్రీక్'. ఉత్త 'క్రీక్' అని ఉన్నవాటిలో చాలావరకు తీపి కలిపినవి. అవి మోసం కాదు, కొందరికి అవే నచ్చుతాయి, మా అక్కకి కూడా అదే నచ్చింది. కాకపోతే ఈ పుల్లటిది అనుకుని అది కొనకండి. ఒక చిక్కేమిటంటే, నేను కొన్నవాటి మీద ఆ 'ఔడ' అనే మాట నిజంగానే ఉంది. చేసినవాళ్లు మంచివాళ్లే, చెడగొట్టింది అమ్మినవాడు. ఆ మాట సీసాలో పోసేదాకే పూచీ, ఆ తర్వాత షాపు కిటికీలో ఏం జరిగిందో అది చెప్పదు.

వెళ్లే ముందు రోజు బావని అండర్‌లెక్ట్‌లోని కాంటియోన్‌కి తీసుకెళ్లాను. 1900లో పెట్టిన బ్రూవరీ, మ్యూజియంగా కూడా తిప్పి చూపిస్తారు. పైన అటక కింద రాగి తొట్టె, కింద పీపాలు, మూలల్లో సాలెగూళ్లు. సాలీళ్లు పురుగుల్ని పడతాయని వాటిని దులపరు. చివర్లో చిన్న గ్లాసు ఇచ్చారు. బావ వాసన చూసి, కళ్లు మూసుకుని, ఒక గుక్క తాగి, "ఇది పులుపు" అన్నాడు. ఇంకో గ్లాసు కొన్నాడు. రెండు సీసాలు చీరల మధ్య చుట్టి పెట్టెలో పంపాను. ఇండియాలో మనిషికి రెండు లీటర్ల దాకానే డ్యూటీ లేదు కాబట్టి 75 సెంటీలీటర్లవి రెండు దాటించొద్దు. ఊళ్లో ఫ్రిజ్ డోర్‌లో నిలబెట్టొద్దని, అడుగు అరలో పడుకోబెట్టమని, తాగే ముందు రోజు మాత్రం నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుందని రాసి ఇచ్చాను.

గ్రాండ్ ప్లాస్ వైపు మెడకి జనపనార దారం, చేతిరాత చీటీ ఉన్న సీసా కనిపిస్తే, చేతిలోకి తీసుకుని ధర స్టిక్కర్ అంచు గోరుతో కాస్త లేపి చూడండి. షాపువాడు అరిస్తే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.