చెకిన్లతో బెంగళూరు పేటలు చూపించే యాప్: రెండు నెలలు వాడాక, 3 స్టార్లు

మారతహళ్ళి వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఊళ్ళో మనోళ్ళు ఎక్కడెక్కడుంటారు, ఏం తింటారు, ఏ గుడికెళ్తారు అన్నీ ఒకే మ్యాప్‌లో కనిపిస్తాయంటే ఆశపడి వేసుకున్నా. జనం సోషల్ మీడియాలో ‘నేనిక్కడున్నా’ అని పెట్టే చెకిన్లు, లొకేషన్ ట్యాగులు పోగేసి వార్డుల లెక్కన కాకుండా అలవాట్ల లెక్కన ఊరికి రంగులేస్తుంది.

ఇది కొత్త పని కాదు. 2012లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు లైవ్‌హుడ్స్ అని చేశారు, సుమారు 1.8 కోట్ల చెకిన్లు తీసుకుని, రెండు చోట్లు దగ్గరదగ్గరగా ఉండి రెండిటికీ వెళ్ళేది దాదాపు అదే జనం అయితే ఆ రెండూ ఒకే పేట అని గీశారు. గీసి వదిలెయ్యలేదు, పిట్స్‌బర్గ్‌లో 27 మందిని కలిసి మీ పేట ఇంతవరకేనా అని అడిగారు. నాకు బాగా నచ్చింది ఆ అడగడమే.

ఈ యాప్‌లో మా పీజీలు, మెస్‌లు, కర్రీ పాయింట్లు ఒకే రంగులో వచ్చాయి, అది కరెక్టే, చూసి సంతోషమేసింది. కానీ శుక్రవారం రాత్రి కళామందిర్ స్టాపులో నిలబడి చూడండి, విజయవాడ బస్సు, నెల్లూరు బస్సు అంటూ బ్యాగులేసుకుని ఎంతమంది ఉంటారో, మ్యాప్‌లో మాత్రం అక్కడ ఏమీ లేదు, బస్సు కోసం పరిగెత్తేవాడు చెకిన్ పెట్టడు కదా. పబ్బులు, కేఫులుండే ఇందిరానగర్ మాత్రం వెలిగిపోతోంది. చిక్‌పేట వైపు తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలున్నాయి, వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, అవేవీ లేవు, తెలుగు అని వెతికితే అన్నీ బిర్యానీ హోటళ్ళే. పైగా మనం తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం, దాన్ని ఇంగ్లీష్ కింద లెక్కేస్తోంది.

ఇంకోటి, 2019లో ట్విట్టర్ ట్వీట్లకి కచ్చితమైన లొకేషన్ పెట్టడం తీసేసింది, అప్పట్నుంచి చాలామంది ఉత్త ఊరి పేరే పెడతారు, అలా ‘బెంగళూరు’ అని పెట్టినవన్నీ ఈ యాప్‌లో ఊరి మధ్యలో ఒకే చుక్క మీద పడుతున్నాయి. అక్కడేదో పెద్ద జాతర జరుగుతోందనుకున్నా మొదట్లో.

మా మెస్ అక్కకి ఫోన్లో చూపించా. ఆమెకి ఇన్‌స్టా లేదు, మెస్ మ్యాప్‌లోకి ఎక్కింది మేం పెట్టిన ఫోటోల వల్లే. రంగు అంచు మీద వేలు పెట్టి “ఇక్కడితో అయిపోలేదు తమ్ముడూ, ఎనక షెడ్లల్లో అనంతపురం నుంచి కూలి పనికొచ్చినోళ్ళు ఉండారు, పొద్దున ఇడ్లీకి ముందొచ్చేది వాళ్ళే” అంది. ఆ మాట యాప్ వాళ్ళకి పంపుదామని ఎంత వెతికినా సరిచేయమని చెప్పే ఆప్షనే దొరకలేదు. అది పెట్టండి, నేనే వచ్చి 5 స్టార్లు చేస్తా.