శోధగంగలో దొరికిన అమ్మమ్మ పాటలు

శోధగంగ అంటే పీహెచ్‌డీ థీసిస్‌లు ఎవరైనా చదువుకునేలా పెట్టిన వెబ్‌సైట్. మా అమ్మమ్మ పాటలు నాకు అందులో ఎలా దొరికాయో చెప్తాను. మా అమ్మమ్మకి ఎనభై నాలుగేళ్లు. కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయ వైనతేయ గట్టునున్న ఊరు మాది. ముప్పయ్యేళ్లకు పైగా ఆవిడ ఊడ్పుల ముఠాలో పనిచేసింది. పాట ఎత్తుకునేది ఆవిడే, మిగతావాళ్లు అందుకునేవారు. నా చిన్నప్పుడు ఒక సార్వా ఊడ్పులప్పుడు యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి టేప్‌రికార్డర్ పట్టుకుని వచ్చింది. పగలు గట్టు మీద నిలబడి, సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, మూడు రోజులు పాటలు పాడించుకుంది. వెళ్లేటప్పుడు "ఇవన్నీ పుస్తకం అవుతాయి పెద్దమ్మా" అని చెప్పింది.

ఆ పుస్తకం మా ఊరు రాలేదు. అమ్మమ్మ మాత్రం మర్చిపోలేదు. ఏ ఏడు ఊడ్పులు మొదలైనా "నా పాటలన్నీ పట్టుకుపోయింది ఆ పిల్ల, ఏం చేసిందో ఏవిటో" అనేది. కోపంతో కాదు. అప్పిచ్చిన చీర ఇంకా తిరిగి రాలేదన్నట్టు అనేది.

నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. అది పుస్తకం కాదు, పీహెచ్‌డీ థీసిస్ అయి ఉంటుందని నాకు బీఈడీ అయ్యాక తట్టింది. ఒకసారి సెలవు పెట్టి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. ఏ యూనివర్సిటీయో చెప్పను. థీసిస్‌లున్న గదికి తాళం వేసి ఉంది. మీరు రీసెర్చ్ స్కాలరా అని అడిగారు, కాదన్నాను. అయితే డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ తెమ్మన్నారు. డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే సంబంధిత మాస్టారు ఊళ్లో లేరన్నారు. రాత్రి బస్సుకి తిరిగొచ్చేశాను. ఆ పాటలు మా అమ్మమ్మవి, ఆ గదిలోకి వెళ్లడానికి ఆవిడ మనవరాలికి హక్కు లేకపోయింది. అది నాకు చాలా ఏళ్లు గుచ్చుకుంది.

ఇప్పుడు శోధగంగ సంగతి చెప్తాను. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ గాంధీనగర్‌లో ఉంది, అది నడిపే వెబ్‌సైట్ ఇది. పీహెచ్‌డీ థీసిస్ కాపీని కాగితం మీదే కాక కంప్యూటర్ ఫైలుగా కూడా ఇవ్వాలని 2009లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధన పెట్టింది. యూనివర్సిటీలు ఆ ఫైళ్లను ఇక్కడ పెడతాయి. పాత థీసిస్‌లను స్కాన్ చేయించడానికి డబ్బు సాయం కూడా అందింది. అందుకే కంప్యూటర్లు రాకముందు టైపు మిషన్ మీద కొట్టినవీ ఇందులో కనిపిస్తాయి. మొత్తం ఐదు లక్షలు దాటాయి. చదవడానికి రూపాయి అక్కర్లేదు, లెటర్ అక్కర్లేదు, మీరు స్కాలరా అని అడిగేవాళ్లు లేరు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం.

దొరకడం మాత్రం వెంటనే దొరకలేదు. మొదటి వారం తెలుగులో కొట్టి వెతికాను, ఏమీ రాలేదు. తెలుగు థీసిస్‌ల పేర్లు కూడా చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కిస్తారు. కోనసీమను ఒకరు ఐ పెట్టి రాస్తారు, ఒకరు రెండు ఈలు పెట్టి రాస్తారు. గోదావరికీ అదే తంటా. పైగా తెలుగు థీసిస్‌లు చాలా భాగం స్కాన్ చేసిన బొమ్మలైనా, 'అను' అనే పాత రకం (యూనికోడ్ కాని) తెలుగు ఫాంట్లలో కొట్టినవైనా అయి ఉంటాయి. అలాంటి వాటి లోపలి మాటల్ని కంప్యూటర్ పట్టుకోలేదు. కాబట్టి మాట కొట్టి వెతకడం మానేసి, యూనివర్సిటీ పేరు నొక్కి, అందులో తెలుగు శాఖ నొక్కి, ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోండి. నేను అలాగే చూశాను. నాలుగు రాత్రులు పట్టింది. జానపద గేయాలు అన్న మాట కనిపించిన ప్రతిదీ తెరిచాను.

తెరిచాక ఒక సంగతి తెలుసుకోవాలి. థీసిస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండదు. ముఖపత్రం ఒక ఫైలు, సర్టిఫికెట్ ఒకటి, విషయసూచిక ఒకటి, ప్రతి అధ్యాయం ఒకటి. అంతా కావాలంటే పదిహేను, ఇరవై ఫైళ్లు విడివిడిగా దించుకోవాలి. ఫోన్లో చదివేవాళ్లకి ఇది కొంత మేలే, కావలసిన అధ్యాయం ఒక్కటే దించుకోవచ్చు, డేటా మిగులుతుంది. మొత్తం చదవాలనుకుంటే విసుగొస్తుంది. చాలా థీసిస్‌లలో 80 అంకెతో మొదలయ్యే ఫైలొకటి ఉంటుంది. అందులో ముఖపత్రం, ముగింపు అధ్యాయం కలిపి ఉంటాయి. మీకు పనికొచ్చే థీసిస్ అవునో కాదో తేల్చుకోవాలంటే ముందు అది తెరవండి. జానపదం మీద పనిచేసినవైతే నేరుగా అనుబంధాలకు వెళ్లండి. పాటలు ఉండేది అక్కడ, పాడినవాళ్ల పేర్లు ఉండేది అక్కడ.

ఐదో రాత్రి అలాంటి ఒక అనుబంధమే తెరిచాను. "వక్తల వివరాలు" అని పైన రాసి, కింద గీత కొట్టి ఉంది. వక్తలంటే పాటలు పాడి చెప్పినవాళ్లు. వరస నంబరు, పేరు, వయసు, ఊరు, చదువు, వృత్తి. పదకొండో నంబరు మా అమ్మమ్మ. వయసు యాభై రెండు. చదువు దగ్గర చిన్న అడ్డగీత. వృత్తి వ్యవసాయ కూలీ. టైపు మిషన్ తెలుగు అది, ఒత్తులు పడని చోట నీలం పెన్నుతో దిద్దారు, స్కాన్‌లో అది బూడిద రంగులో వచ్చింది. ఆవిడ ఇంటిపేరులో "ళ" మీద కూడా ఆ పెన్ను గీత ఉంది. తప్పు పడితే వదిలేయకుండా ఎవరో కూర్చుని మా అమ్మమ్మ పేరు సరిగ్గా దిద్దారు. రాత్రి పన్నెండు దాటింది, అయినా వెళ్లి ఆవిడని లేపేశాను.

మర్నాడు అమలాపురంలో జిరాక్సు షాపుకెళ్లి అనుబంధం మొత్తం పెద్ద అక్షరాలొచ్చేలా ప్రింటు తీయించాను. రెండు పేజీలు నల్లగా వచ్చాయి. షాపు కుర్రాడు ఎంత తెల్లగా చేసినా అక్షరం తేలలేదు. మరో పేజీ వంకరగా స్కాన్ అయ్యి కుడివైపు మాటలు తెగిపోయాయి. స్కాన్ చేయించినవాళ్లు ఒక్కసారి తిప్పి చూసుకుని ఉంటే సరిపోయేది. మిగతా కాగితాలు తెచ్చి అమ్మమ్మకి వినిపించాను.

ఆవిడ మొదటి పాట విని తలూపింది. రెండో పాట కింద ఒక చిన్న వివరణ ఉంది: "ఆకు అనగా తమలపాకు". అమ్మమ్మ నన్ను ఆపింది. "తమలపాకేంటే? ఆకంటే నారు. ఆకుమడిలో పెరిగేది ఆకు కాదా? ఆకు తీత అంటాం కదా" అంది. ఆ పాటంతా ఆకుమడి దగ్గర వంగి ఆకు తీస్తున్న పిల్ల గురించి. ఆకు అంటే తమలపాకు అనుకున్నాక, థీసిస్‌లో దాన్ని శృంగార గీతాల అధ్యాయంలో పెట్టి, తాంబూలం గురించి పేజీన్నర రాశారు. ఆ పరిశోధకురాలిని నేను తప్పు పట్టను. మూడు రోజులు బురద గట్టున నిలబడి రాసుకున్న మనిషి, వేరే ప్రాంతం నుంచి వచ్చి ఉంటుంది. గైడూ చూశారు, పరీక్షకులూ చూశారు, పట్టా వచ్చింది. ఆకు అంటే ఏమిటో తెలిసిన మనిషికి మాత్రం ఆ కాగితం ఇన్నేళ్లూ అందలేదు. థీసిస్ అందరికీ తెరిచి ఉండాలని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే. అందులో రాసింది ఎవరి గురించో, వాళ్లు చూస్తేగానీ కొన్ని తప్పులు బయటపడవు.

అందుకే నా కోరిక ఒకటుంది. ప్రతి థీసిస్ పేజీలో ఒక సవరణ రాసే చోటు ఉంటే బాగుండును. ఎవరు పడితే వాళ్లు కాకపోయినా, వక్తలైనా, వాళ్ల పిల్లలైనా ఊరూ పేరూ చెప్పి రాసేలా పెడితే చాలు.

వాడుకోవడం గురించి ఒక మాట. శోధగంగలోవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. రాసినవారి పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చు, వాటితో మనం తయారుచేసినదాన్ని కూడా అదే షరతుల మీద పంచాలి. నేను మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ పాటల్లో మూడు ప్రింటు తీసి ఇచ్చాను, పరిశోధకురాలి పేరు, అమ్మమ్మ పేరు రెండూ పైన వేసి. ఆ కాగితం మీద ఆకు అంటే నారు అనే ఉంది.

వ్యవసాయం థీసిస్‌లు కావాలంటే మాత్రం ఇక్కడ వెతుక్కుంటూ కూర్చోకండి. మా తమ్ముడికి కొబ్బరి తోట ఉంది. సర్పిలాకార తెల్లదోమ మీద పరిశోధనలు కావాలని రెండు రోజులు శోధగంగలోనే తిప్పలు పడ్డాడు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు కృషికోశ్ అని వేరే వెబ్‌సైట్ ఉంది, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్లది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి ఇచ్చిన రాష్ట్రం మనది, ఆ చదువంతా మన రైతు ఫోన్లోకి రావాలంటే ఈ రెండు పేర్లూ తెలియాలి. గ్రామ సచివాలయం గోడ మీద రాసి పెట్టినా తప్పు లేదు.

నేనైతే శోధగంగకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ తెగ్గోసిన అర తెలుగులో వెతికితే దొరకనందుకు.

నిన్న సాయంత్రం అమ్మమ్మ కాగితాలు మళ్లీ తెమ్మంది. కుడివైపు తెగిపోయిన పేజీలోని పాట చదవమంది. నేను ప్రతి వరుసా సగం చదివి ఆగుతుంటే, మిగతా సగం ఆవిడ పాడింది. పెన్సిల్‌తో పక్కన రాసుకున్నాను. ఇంకా నల్లగా వచ్చిన రెండు పేజీలు మిగిలాయి. వాటిలో ఏ పాటలున్నాయో విషయసూచిక చూసి చెప్పమంది.