కత్తి పిడి కిట్ కొంటున్నారా? డ్రిల్ పట్టుకోకముందే ఇవి చూడండి

పాత వంటింటి కత్తులకు పిడి మార్చుకోమని ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లతో జాగ్రత్త. రెండు చెక్కలు, మూడు ఇత్తడి పిన్నులు, రెండు చిన్న జిగురు ట్యూబులు: ఫోటోలో ముచ్చటగానే ఉంటాయి. తీరా చూస్తే పిన్నులు ఇత్తడివి కావు, చెక్క వాళ్లు చెప్పిన చెక్క కాదు, జిగురు తడి తగిలే పిడికి పనికొచ్చేది కాదు. వెనక్కి తీసుకోమంటే, బెజ్జం వేసిన చెక్కను తీసుకోం అని జవాబు. కాబట్టి పరీక్షలన్నీ బెజ్జం వేయకముందే అయిపోవాలి. ప్రతిదానికీ ఫోటో తీసి పెట్టుకోండి.

ముందు పిన్నుల దగ్గర అయస్కాంతం పెట్టండి. ఇత్తడైతే అంటుకోదు. నేను చూసిన కిట్‌లోవి టక్కున అతుక్కున్నాయి, అంటే ఇనుప కడ్డీకి ఇత్తడి పూత పూశారన్నమాట. పిడి బిగించేదాకా ఆ మోసం కంటికి కనపడదు. పిన్ను కొనను చెక్కతో సమానంగా అరగదీసినప్పుడు సన్నటి పసుపు ఉంగరం, దాని మధ్యలో బూడిదరంగు చుక్క బయటపడతాయి. కత్తి కడిగే కొద్దీ ఆ చుక్క చుట్టూ చెక్కలోకి నల్లటి మరక పాకుతుంది. ఇనుము చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి వచ్చే నలుపు అది, పైపైన గీకితే పోదు. పైగా తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చెక్క బీట తీయడం అక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ పిన్నులకు మాత్రం అయస్కాంతం మాట పట్టించుకోకండి. 304 రకం సాధారణంగా అంటుకోదు, 420, 430 లాంటివి అంటుకుంటాయి. అంటుకున్నంత మాత్రాన నకిలీ అనలేం.

"అన్ని కత్తులకూ సరిపోతుంది" అన్న మాటను అసలు నమ్మొద్దు. పిడి లోపలికి వెళ్లే ఉక్కు భాగాన్ని టాంగ్ అంటారు. దానికున్న రంధ్రాలు 3, 4, 5 మి.మీ.లలో ఏవైనా కావచ్చు. అంగుళాల లెక్కలో చేసిన కత్తయితే 3.2, 4.8, 6.35 కూడా ఉంటాయి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, రంధ్రం కంటే 0.1 మి.మీ. సన్నగా ఉన్న పిన్ను కొనండి. ఆ కాస్త సందులోకి జిగురు దిగాలి. బిగుతు పిన్నును సుత్తితో దించితే చెక్క అప్పటికప్పుడు పగలకపోయినా, తడి ఆరే కొద్దీ పిన్ను దగ్గరే చీలుతుంది. టాంగ్ రంధ్రాన్నే పెద్దది చేద్దామనుకోకండి. చాలా కత్తుల్లో అదీ గట్టిపరచిన ఉక్కే. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్ జారిపోయి మొద్దుబారుతుంది. పిన్ను మార్చుకోవడమే తేలిక.

ఇక చెక్క. తెల్లగుడ్డను అసిటోన్‌లో (నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం) తడిపి చెక్క లోపలి వైపు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే చెక్కకు రంగేసి ఉండొచ్చు. సహజంగా నూనె ఉండే కొన్ని చెక్కలు కూడా కొద్దిగా రంగు దిగుతాయి కాబట్టి గుడ్డ ఒక్కదాన్నే నమ్మకుండా ఒక మూల కొద్దిగా గీకి చూడండి. కింద పాలిపోయిన చెక్క కనిపిస్తే అది రంగేసిన మెత్తటి రకం. మందం కూడా చూడాలి. అరగదీయడానికి ముందు ఒక్కో చెక్క 9, 10 మి.మీ. ఉంటేనే చివరికి పిడి 18 నుంచి 20 మి.మీ. దాకా వచ్చి చేతినిండా ఆనుతుంది. నేను చూసిన కిట్‌లోవి 6 మి.మీ. మాత్రమే. ఆరని చెక్కను పట్టుకోవడానికి తేమ కొలిచే మీటరు అక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, వారం రోజులు పొడిగా ఉన్న గదిలో ఉంచి మళ్లీ తూచండి. బరువు తగ్గితే ఇంకా ఆరుతోందని అర్థం. దాన్ని అలాగే అతికిస్తే చెక్క ముడుచుకుపోయి టాంగ్ అంచు పైకి తేలి అరచేతిని కోస్తుంది.

జిగురు విషయంలో రాజీ పడొద్దు. కిట్‌లో వచ్చేది ఎక్కువగా ఐదు నిమిషాల ఎపాక్సీ, అంటే రెండు ట్యూబుల్లోవి కలిపితే గట్టిపడే జిగురు. అది నీటినీ వేడినీ తక్కువగా తట్టుకుంటుంది. నిదానంగా, 24 గంటలకు గట్టిపడేది విడిగా కొనుక్కోండి. టాంగ్‌ను 80 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, ఆపైన వేలు తగలనివ్వకండి. చెక్క లోపలి వైపు కూడా అడ్డంగా గీతలు పెట్టండి. క్లాంపు బిగింపులో చాలామంది పొరపడతారు. బలం కొద్దీ బిగిస్తే జిగురంతా పక్కలకు వచ్చేసి, లోపల పట్టు మిగలదు. అంచు పొడవునా సన్నటి గీతలా జిగురు కనిపించగానే ఆపేయాలి. బ్లేడుకు మొదట్నుంచీ చివరిదాకా టేపు చుట్టే ఉంచండి.

పిడి వేసిస్తామనేవాళ్లకు కత్తి ఇచ్చినా, తిరిగి తీసుకునేటప్పుడు పిడికి ఆనుకుని ఉన్న బ్లేడు భాగాన్ని వెలుతురులో చూడండి. గోధుమరంగు, నీలిరంగు ఛాయ ఉంటే అరగదీసే యంత్రం బెల్టు మీద వేడెక్కించారన్నమాట. నీలం దాదాపు 300 డిగ్రీల దగ్గర వస్తుంది. మామూలు కార్బన్ ఉక్కు కత్తి గట్టిదనం అంతకన్నా ముందే పడిపోతుంది. ఆ చోట ఎంత సానబట్టినా పదును నిలవదు.

ఇప్పటికే ఇలాంటి కిట్ అతికించేసి ఉంటే, కత్తి పాడైపోయిందని పారేయకండి. పిన్ను కొనలను ఆకురాయితో అరగదీసి, పిన్ను కంటే కాస్త సన్నటి పంచ్‌తో అవతలికి కొట్టండి. కొన్ని నెమ్మదిగా కదులుతాయి, తొందరపడొద్దు. బ్లేడు పైకి ఉండేలా పిడిని మాత్రమే మరిగే నీళ్లలో పది, పదిహేను నిమిషాలు ఉంచితే మామూలు ఎపాక్సీ మెత్తబడుతుంది. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి ఉక్కుకు ప్రమాదం లేదు. స్టవ్ మంట మీద మాత్రం పెట్టకండి. మందపాటి గ్లవ్‌తో పట్టుకుని, అతుకు సందులోకి పాత పుట్టీ బ్లేడు నెట్టి చెక్కను లేపండి. మిగిలిన జిగురును గీకేసి, తుప్పు పట్టిన చోట శాండ్‌పేపర్ వేసి, టాంగ్‌ను ఆరబెట్టి నూనె రాసి పెట్టుకోండి. మంచి చెక్క దొరికిన రోజున ఆ నూనెను అసిటోన్‌తో పూర్తిగా తుడిచాకే జిగురు పూయాలి.