14 నెలలు ఆన్‌లైన్ పేరెంటింగ్ కౌన్సెలింగ్ వాడాక

సెషన్ 50 నిమిషాలు. అందులో అసలు సరుకు పావుగంటే. మొదట్లో ఆ వారం ఇంటి ఆట ఎలా సాగిందో లెక్కలు చూసుకోవడం, చివర్లో హోంవర్క్ మాట్లాడుకోవడం పోగా, మధ్యలో బాబుతో ఆడుతుంటే కౌన్సెలర్ ఇయర్‌ఫోన్‌లో మాట అందించే ఆ 15 నిమిషాల కోసమే ఇన్నాళ్లు కొనసాగించాం. మొదట ఐదు నెలలు వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి, చివరికి నెలకోసారి. చేరేటప్పటికి బాబుకి నాలుగేళ్లు.

పద్ధతి కొత్తదేం కాదు. 1970లలో అమెరికాలో మనస్తత్వవేత్త షీలా ఐబర్గ్ రూపొందించిన పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ ఇది. పొట్టిగా పీసీఐటీ అంటారు. ప్రధానంగా రెండు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం. క్లినిక్‌లో అయితే కౌన్సెలర్ ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక గదిలో కూర్చుని చెవిలో మాట్లాడతారు. ఆన్‌లైన్‌లో ఆ అద్దం పని ఫోన్ కెమెరా చేస్తుంది. ఒక రకంగా ఇదే నయం: పేచీ ఏ గదిలో పుడుతుందో ఆ గదిలోనే నేర్చుకుంటాం.

ఫోన్ అమరికలో మొదటి రెండు సెషన్లు వృథా అవుతాయి, ముందే తెలుసుకోండి. స్క్రీన్ కనిపిస్తే పిల్లలు ఆట వదిలేసి దాని దగ్గరికే వస్తారు. అందుకని ఫోన్‌ని గది మూలలో, పెద్దవాళ్ల నడుము ఎత్తులో, స్క్రీన్ గోడవైపు తిప్పి, వెనక కెమెరాతో పెట్టాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఒక చెవికే. రెండో చెవి పిల్లాడికి. ఫ్యాన్ తగ్గించాలి. బొమ్మలు మూడు రకాలు చాలు: బ్లాకులు, రంగు పెన్సిళ్లు, చిన్న బండ్లు. బంతి, బొమ్మ కత్తి, గెలుపోటములున్న ఆటలు వద్దు. వాటితో ‘వద్దు, ఆగు’ అనకుండా ఉండటం కష్టం.

ఇందులో రెండు దశలు. ఆటతో నడిచే మొదటి దశకు పరీక్ష ఉంటుంది. ఐదు నిమిషాల ఆటలో ఫలానా పని బాగుందని పేరుపెట్టి మెచ్చుకోవడం 10 సార్లు, పిల్లాడి మాటను తిరిగి అనడం 10 సార్లు, వాడు చేస్తున్న పనిని చెప్పడం 10 సార్లు. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు మూడూ కలిపి మూడు దాటకూడదు. కాగితం మీద సులువుగానే కనిపిస్తుంది. కూర్చున్నాక తెలుస్తుంది, మన నోట్లోంచి ప్రశ్న తప్ప మరో వాక్యం రావడం లేదని. ‘ఎర్రది ఎందుకు పెట్టావ్?’ అనగానే చెవిలో ‘ప్రశ్న’ అని వినిపిస్తుంది. ‘ఎర్ర బ్లాకు పైన పెట్టావు’ అని మార్చాలి. ‘టవర్ కడుతున్నావు కదా’ కూడా ప్రశ్నే; ఆ ‘కదా’ మానడానికే మాకు మూడు వారాలు పట్టింది. వాడు ‘ఇది లారీ’ అంటే ‘లారీనా?’ అనకూడదు, ‘అవును, లారీ’ అనాలి. తెలుగులో గొంతు కాస్త పైకి లేస్తే చాలు, వాక్యం ప్రశ్నయిపోతుంది. ఈ తప్పు ఏ వీడియో పాఠమూ పట్టుకోదు, వింటున్న మనిషే పట్టుకోవాలి.

మెచ్చుకోలులో ఇంకో ముల్లుంది. ‘గుడ్ బాయ్’ లెక్కలోకి రాదు, దేనికి మెచ్చుకున్నారో వాడికి తెలియదు. ‘పిలవగానే వచ్చావు, బాగుంది’ వస్తుంది. ‘ఇవాళ సర్దావు, రోజూ ఇలా చేస్తే ఏం పోతుంది’ అన్నారంటే అది విమర్శ ఖాతాలో పడుతుంది, మెచ్చుకోలు మాట కొట్టుకుపోతుంది.

హోంవర్క్ అంటే ఇదే ఆట, రోజుకు ఐదు నిమిషాలు, ఏ రోజూ మానకుండా. బుద్ధిగా లేడని ఆ ఐదు నిమిషాలు రద్దు చేయడం అందరూ చేసే పొరపాటు. అది బహుమతి కాదు, మందు.

రెండో దశ ఆజ్ఞలది. ‘షూస్ వేసుకుందామా?’ అని అడిగితే ‘వద్దు’ అనే హక్కు వాడికి మనమే ఇచ్చినట్టు. ‘మంచిగా ఉండు’ అంటే ఏం చేయాలో వాడికి అర్థం కాదు. దగ్గరికెళ్లి, ఒక్కసారికి ఒక్క పని, చేయకూడనిది కాక చేయాల్సింది: ‘ఎడమ షూ వేసుకో.’ తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టి నోరు మూసుకోవాలి. ఆ ఐదు సెకన్లలోనే మూడుసార్లు తిరిగి చెప్పేస్తున్నామని రికార్డింగ్ చూస్తే గానీ నమ్మలేదు.

పిల్లాడి ప్రవర్తన ఎందుకు చెడుతుందో అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ పరిశోధన వివరిస్తుంది. పిల్లాడు అరుస్తాడు, పెద్దవాళ్లు చెప్పిన పని వెనక్కి తీసుకుంటారు, అరుపు ఆగుతుంది. అరిస్తే పని తప్పుతుందని వాడు నేర్చుకున్నాడు. లొంగితే ఇల్లు సద్దుమణుగుతుందని మనం నేర్చుకున్నాం. ఇద్దరికీ లాభమే, అందుకే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. చిన్న పేచీని పట్టించుకోకుండా వదిలేయడం మొదలుపెట్టిన రోజుల్లో అది తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఫలించింది ఇప్పుడెందుకు ఫలించడం లేదని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. మధ్యలో లొంగితే గట్టి అరుపుకే ఫలితమని నేర్పినట్టవుతుంది. కొట్టడం, వస్తువులు విసరడం ఈ వదిలేయడం కిందికి రావు. వాటికి టైమ్ అవుట్, అంటే కాసేపు కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టడం: మూడు నిమిషాలు, చివర ఐదు సెకన్లు నిశ్శబ్దం, మాటలు లేవు, ఉపన్యాసం లేదు. పని చెప్పినందుకే అలా చేసి ఉంటే, లేచాక ఆ పని చేయించాల్సిందే. లేకపోతే కుర్చీలో కూర్చోవడమే వాడికి చవక బేరమవుతుంది. కౌన్సెలర్ చెవిలో లేకుండా దీన్ని మొదటిసారి చేయొద్దు.

నచ్చనివీ ఉన్నాయి. వీడియో పాఠాల గుట్ట చూస్తే ఏదో నేర్చుకున్నట్టు ఉంటుంది, ఆటలో కూర్చుంటే ఒక్కటీ నోటికి రాదు. చాట్‌లో అడిగితే జవాబు మర్నాడు వస్తుంది. అప్పటికి పేచీ పాతబడింది. మంచి పనికో స్టిక్కర్ అంటించే చార్ట్‌లో లక్ష్యాలు ఐదు పెట్టుకోమంటుంది యాప్. రెండు మించితే పది రోజులకే పిల్లాడికీ మనకూ విసుగొస్తుంది. నెట్ ఆలస్యం రెండు సెకన్లు ఉందంటే చెవిలో మాట వచ్చేసరికి వాడు వేరే బొమ్మ పట్టుకుంటాడు, అలాంటి రోజు కోచింగ్ మానేసి ఆ సమయంలో లెక్కలు చూడటమే మేలు. ఇంకొకటి, ఇంట్లో ఒకరు నేర్చుకుని రెండోవారు సెషన్‌కి రాకపోతే సగం వృథా. పిల్లలు ఎవరి దగ్గర అరిస్తే పనవుతుందో ఇట్టే కనిపెడతారు.

మాటలు ఆలస్యంగా వస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా, పిల్లాడు తనను తాను గాయపరచుకుంటున్నా, ఇంట్లో పెద్దల మధ్య హింస ఉన్నా ఇది చాలదు. ముందు నేరుగా డాక్టరును, నిపుణులను కలవాలి. చేరేముందు కౌన్సెలర్‌ని అడగాల్సింది: పిల్లాడితో ఉన్నప్పుడు లైవ్‌లో చెవిలో చెబుతారా, ప్రతి సెషన్‌లో లెక్కపెడతారా? రెండింటికీ ‘అవును’ రాకపోతే మీరు కొనేది కబుర్లే.

సెషన్లు ఆపేశాక లెక్కల పట్టిక ఒకటి ఉంచుకున్నాం. నెలకోసారి ఐదు నిమిషాల ఆట రికార్డు చేసి ప్రశ్నలు లెక్కపెడతాం. ఆరేడుకి చేరాయంటే ఆ రాత్రి నుంచే రోజూ ఐదు నిమిషాలు మళ్లీ మొదలు.