తొమ్మిదయితే పిల్లలు బయటికి

ఐర్లండ్ పబ్బుల్లో సంగీతం వినడానికి పిల్లలతో వెళ్తున్నారా? పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు రాత్రి 9 దాటాక బార్‌లో ఉండకూడదు. మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే 10. అది అక్కడి చట్టం. వాయిద్యగాళ్లు బల్ల చుట్టూ చేరి వాయించే సెషన్ మొదలయ్యేదేమో తొమ్మిదిన్నరకి! ఈ సంగతి మాకు ఏప్రిల్‌లో, పడమటి తీరాన ఉన్న డూలిన్ అనే ఊళ్లో తెలిసింది, సూప్ సగం తాగాక, ఫిడేలు పెట్టె తెరుస్తుండగా. పబ్ అతను మర్యాదగానే చెప్పాడు. మా పాపకి పదకొండేళ్లు, కళ్లనిండా నీళ్లు. "మామయ్యగారి కోసం కదా వచ్చాం, మీరిద్దరూ ఉండండి" అంది మా ఆవిడ, నాన్ననీ నన్నూ చూసి. ఆ గొంతు ఎలాంటిదో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

పోనీ బస దగ్గరా అంటే, అదీ లేదు. "పబ్బులకి పది నిమిషాల నడక" అని రాసుకున్నారు. నడిస్తే ముప్ఫై అయిదు. వీధి దీపం ఒక్కటి లేదు, ఫుట్‌పాత్ లేదు, పక్కన రాతిగోడ. కార్లో దింపి రావాల్సి వచ్చింది. రాత్రికి 128 యూరోలు కట్టాక, పాప మంచానికి ఇంకో 20 అడిగారు. బుకింగ్‌లో ముగ్గురు పెద్దలు, ఒక పిల్ల అని ఉంది కదండీ అంటే, "పిల్ల అని ఉంది, మంచం అని లేదు" అంది బస యజమానురాలు. కార్డు మిషన్ పాడయిందట, నగదే ఇవ్వాలట.

అంతకుముందు రోజు డబ్లిన్‌లో తగిలిన దెబ్బ వేరు. టెంపుల్ బార్ అనగానే "గుడి ఉందట్రా?" అన్నారు నాన్న. గుడి కాదు, పబ్బులున్న పేట; టెంపుల్ అనేది ఒక కుటుంబం పేరు. అక్కడ ఒక పబ్బులో పైంటు బీరు 9.95 యూరోలు. మైకు పెట్టి, టూరిస్టులకి తెలిసిన నాలుగు పాటలే తిప్పితిప్పి పాడుతున్నారు. "తెనాలి నుంచి బ్రాందీ షాపు చూపించడానికి తెచ్చావా" అని ఆయన లేచిపోయారు. తప్పు నాదే.

డూలిన్ అలా కాదు. జానపద సంగీతంలో పేరున్న రస్సెల్ అన్నదమ్ములు ముగ్గురు వాయించిన ఊరు. స్టేజీ లేదు, మైకు లేదు, టికెట్ లేదు. మూల బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. నొటేషన్ కాగితం ఒక్కటీ లేదు. ఒకరు ఎత్తుకుంటారు, తెలిసినవాళ్లు కలుస్తారు, మూడుసార్లు వాయించి ఆపకుండానే ఇంకో వరసలోకి దూకుతారు. బౌరాన్ అని మేకతోలు వాయిద్యం ఉంది, మన డప్పుకి దగ్గర చుట్టం, పుల్ల మాత్రం ఒక్కటే. ఇలెన్ పైప్స్ అనే తిత్తివాద్యానికి గాలి నోటితో ఊదరు, మోచేతి కింద తిత్తి నొక్కుతారు. వెనక శ్రుతి ఆగకుండా మోగుతుంటే నాన్న ముందుకి జరిగారు. జిగ్ అని మూడేసి లెక్కన నడిచే వరస మొదలయ్యేసరికి తొడమీద తాళం. "తిశ్రంరా ఇది" అన్నారు. టీ 3.20, నా సోడా 2.80. రెండున్నర గంటలు కూర్చున్నాం, ఎవరూ ఇంకేమైనా తీసుకోండి అనలేదు. వాళ్ల బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కనిపించినా కూర్చోకండి, ఆలస్యంగా వచ్చే వాయిద్యగాడిది అది. ముక్కు దగ్గర ఫోను పెట్టి వీడియో తీయకండి.

మర్నాడు మోహర్ కొండచరియలు. గాలి, వాన, ఫొటోలు. అంతే.

పాప కోసం ఎన్నిస్ అనే పట్నంలో మధ్యాహ్నం సెషన్ వెతికాం. పిల్లలున్నవాళ్లు ఇదే చెయ్యండి, రాత్రి మాట మర్చిపోండి. నలుగురే ఉన్నారు. విరామంలో ఫిడేలావిడ పాపని, నువ్వేం వాయిస్తావని అడిగింది. వయొలిన్ నేర్చుకుంటున్నాననీ, మీ పాట ఒకటి వచ్చనీ చెప్పి, తెల్లవాళ్ల వరసలకి ముత్తుస్వామి దీక్షితార్ సంస్కృత సాహిత్యం కట్టిన నొట్టుస్వరాల్లో ఒకటి, 'వందే మీనాక్షి', కూనిరాగం తీసింది. రెండో వరస పూర్తవకుండానే ఆవిడ విల్లు ఎత్తింది. అది వాళ్ల 'రేక్స్ ఆఫ్ మాలో'. మాలో అంటే కార్క్ కౌంటీలో ఊరు. మిగతా ముగ్గురూ కలిశారు. నాన్న సాహిత్యం పాడేశారు, గట్టిగానే. మా ఆవిడ రెండు రోజుల తర్వాత మొదటిసారి నావైపు చూసి నవ్వింది.

కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ 8.50, బాగుంది. మంచం 20 యూరోలకి రసీదు పంపుతానన్నావిడ మాత్రం ఇంతవరకు పంపలేదు.