ఏడేళ్లు ఆడాక: డీ అండ్ డీలో క్యారెక్టర్ తయారీ మీద నా రివ్యూ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట. దాని ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, మేము మొదలుపెట్టింది 2018లో. తార్నాకలో ఒక ఫ్రెండ్ వాళ్ల డాబా మీది గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు, ఆడేవాళ్లం నలుగురం, డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు) ఒకడు. ఏడేళ్లు ఆడాం. ఆట నియమాల పుస్తకం అట్ట ఊడిపోయి టేప్ మీద బతుకుతోంది, పేజీల మధ్య ఉస్మానియా బిస్కెట్ పొడి ఎంతుందో చెప్పలేను. ఇది పుస్తకం మొత్తం మీద రివ్యూ కాదు, క్యారెక్టర్ తయారుచేసే భాగం గురించే, ఎందుకంటే నేను గట్టిగా దెబ్బతిన్నది అక్కడే.

నా మొదటి క్యారెక్టర్ రేంజర్. అడవిలో ఒంటరిగా బతికేవాడు, విల్లు, మూడు పేజీల పగ కథ. రాత్రి రెండింటి దాకా కూర్చుని రాశాను. తీరా చూస్తే మా డీఎం పెట్టిన క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) మొత్తం ఒక రేవు పట్నం లోపలే, వర్తకుల కొట్లాటలు, దొంగ లెక్కలు, విందులు. రేంజర్‌కి నేచురల్ ఎక్స్‌ప్లోరర్ అని ఒక శక్తి ఉంటుంది, తనకు అలవాటైన నేలలో దారి తప్పడు. ఆ నేలల జాబితాలో ఎనిమిది ఉన్నాయి: మంచు, సముద్ర తీరం, ఎడారి, అడవి, గడ్డిమైదానం, కొండలు, చిత్తడి, పాతాళం. ఊరు లేదు. రెండో సెషన్‌లో పక్కనున్నవాడు అననే అన్నాడు, "అరేయ్, నువ్వు జంగల్ల బతికేటోడివి, ఈడ దావత్‌ల ఏం జేస్తవ్ రా?" ఏం చేస్తాను, నాలుగు గంటలు మిర్చి బజ్జీలు తిన్నాను.

తప్పు నాదే, అడగలేదు. కానీ పుస్తకం వరస కూడా అలాగే ఉంది మరి. జాతి, క్లాసు (రేంజర్ లాంటి వృత్తి), ఆరు సామర్థ్యాల అంకెలు, వర్ణన, సామాను, ఈ అయిదూ అయ్యాక ఆరో మెట్టులో డీఎంతో, మిగతావాళ్లతో కూర్చుని మాట్లాడుకోమంటుంది. అప్పటికి క్యారెక్టర్ వివరాలు రాసుకునే షీట్ నిండిపోయి ఉంటుంది, నిండిన షీట్ మీద అందరికీ మమకారం పుడుతుంది, ఎవడు చింపుతాడు?

అందుకే నేను ఆరో మెట్టు నుంచి మొదలుపెడతాను. కథ ఎక్కడ తిరుగుతుంది, కత్తి ఎక్కువ తీస్తామా మాటలు ఎక్కువ నడుస్తాయా, చావు తేలిగ్గా వస్తుందా అని డీఎంని పీడిస్తాను, ఆ తర్వాతే పెన్సిల్ పడతాను. రేంజర్‌ని వదిలేసి అదే క్యాంపెయిన్‌కి రోగ్‌ని (చాటుమాటు పనుల్లో ఆరితేరినవాడు) తెచ్చాను, బ్యాక్‌గ్రౌండ్ (అంతకుముందు బతుకు) అర్చిన్, అంటే వీధుల్లో పెరిగిన అనాథ. వాడికి ఊరి గల్లీలన్నీ తెలుసు, కొట్లాట లేనప్పుడు ఊళ్లో ఎక్కడికైనా మామూలు కంటే రెట్టింపు వేగంతో పోగలడు, వెంట ఉన్నవాళ్లని కూడా తీసుకుపోతాడు. కాగితం మీద చూస్తే ఇదేం శక్తి అనిపిస్తుంది. పాతబస్తీలో ఆటో ఎక్కినవాళ్లకి మాత్రం దీని విలువ తెలుసు. మా గ్యాంగ్ రెండుసార్లు ప్రాణాలతో బయటపడింది దీనివల్లే.

అంకెల సంగతికొస్తే, ఆరు ముఖాల పాచికలు నాలుగేసి, తక్కువది తీసేసి, మిగతా మూడూ కలిపే పద్ధతి సరదాగా ఉంటుంది, రెండు మూడు వారాల కథకి హాయిగా వాడొచ్చు. ఏడాది నడిచే క్యాంపెయిన్‌కి మాత్రం వద్దు. మాలో ఒకడికి 18, 17 పడ్డాయి, ఇంకొకడికి అన్నిటికంటే ఎక్కువ పడింది 13, ఆ రెండోవాడు ఎనిమిది నెలలు పక్కవాడి పెళ్లిలో వడ్డనకి నిలబడ్డట్టు ఆడాడు. ఇప్పుడు పాచికలు వేయకుండా అందరం పుస్తకంలోని 15, 14, 13, 12, 10, 8 తీసుకుంటాం, గొడవ లేదు.

బాగా నచ్చింది చెప్పాలంటే ఆ 2014 పుస్తకంలో ప్రతి బ్యాక్‌గ్రౌండ్‌తో వచ్చే పట్టికలు: స్వభావం, ఆదర్శం, బంధం, లోపం. పాచిక వేసి వచ్చింది రాసుకుంటే ఉత్త అలంకారం, కానీ బంధం దగ్గర డీఎం కథలో ఉన్న మనిషి పేరు ఒకటి రాస్తే క్యారెక్టర్ ఒక్కసారిగా కథలోకి వచ్చేస్తాడు. 2024 సవరణలో ఆ పట్టికలు తీసేసి, సామర్థ్యాలకు కలిపే అంకెల్ని బ్యాక్‌గ్రౌండ్‌కి ముడిపెట్టారు. నాకైతే ఎక్కలేదు. అంకె కోసం బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకునే జబ్బు మా టేబుల్‌కి వెంటనే పట్టుకుంది.

మధ్యలో ఏడాది కాల్ ఆఫ్ కతుల్హు కూడా ఆడాం, 1981 నాటి భయానక ఆట, మా డీఎం దాన్ని 1925 హైదరాబాద్‌లో పెట్టాడు. అక్కడ దెబ్బలు ఓర్చుకునే అంకె మొదట ఎంతో చివరిదాకా అంతే, ఆడేకొద్దీ బలం పెంచే లెవెళ్లు లేవు. మావాడొకడు అలవాటు కొద్దీ పహిల్వాన్‌ని తెచ్చి మొదటి రాత్రే పోగొట్టుకున్నాడు. నేను ఈసారి ముందే అడిగాను, కథ మూసీ ఒడ్డున పాత ఇళ్ల చుట్టూ అని తెలిసింది. దాంతో ఒక గుమాస్తాని రాశాను. 1908 వరదప్పుడు ఎనిమిదేళ్ల పిల్లాడు, అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి బతికాడు (ఆ చెట్టు నిజంగానే ఉంది, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, నూటయాభై మంది దాకా దాన్ని పట్టుకునే బతికారంటారు). కత్తి పట్టడం రాదు, ఉర్దూ దస్తావేజులు చదవడం వచ్చు, జేబులో హాలీ సిక్కా (నిజాం నాణెం) వేరు, కల్దార్ రూపాయి (బ్రిటిష్ వాళ్లది) వేరు. భయాల గడిలో ఒక్క మాటే రాశాను: నీళ్ల చప్పుడు వింటే కాళ్లు కదలవు.

ఏడో సెషన్‌లో డీఎం టేబుల్ లైటు ఆర్పి, బావిలోంచి నీళ్లు పైకొస్తున్నాయి అన్నాడు. నా వైపే చూస్తున్నాడు. పాచికలు చేతిలోనే ఉన్నాయి, వేయబుద్ధి కాలేదు.